ఒంటికాలి పైజామా

తాడు ముడి బిగించి గులాం నబీ పిట్టగోడకు ఆనుకున్నాడు. మెట్లెక్కిన ఆయాసం ఇంకా దిగలేదు. మిద్దె మీద వెదురు బొంగు కొసన నారింజ, తెలుపు పట్టీల గుడ్డ గొట్టం వేలాడుతోంది. మూతి దగ్గర వెడల్పు, తోక దగ్గర సన్నం. ఫజర్ నమాజు అయిపోయి కిషన్‌బాగ్ గల్లీల్లో పాల బండ్లు తిరిగే వేళ. గాలి ఇంకా లేవలేదు. గొట్టం నీళ్లోడుతున్న బట్టలా కిందికి జారి ఉంది.

ఆ ఇంటి నుంచి బయటికి పోయే ప్రతి గొట్టమూ ముందు ఈ బొంగు మీద నిలబడి చూపించాలి. అది ఆయన పెట్టిన కట్టుబాటు. గాలి పోసుకుని, చాచిన చెయ్యిలా తిన్నగా నిలిస్తే దాన్ని మడిచి ఇస్తాడు. నిలవకపోతే నక్కో.

నక్కో అంటే వద్దని. ఆ మాట ఆయన నోట్లో ఎంతగా నానిందంటే గల్లీలో సాటివాళ్లు ఆయన్ని నక్కో మియా అనే పిలిచేవాళ్లు. ఒక్కపూట తొడిగే షేర్వానీయే కదా, లోపల అట్టలాంటి అతుకుడు గుడ్డ వేసి కానిచ్చెయ్యమని పెండ్లికొడుకు తండ్రి అంటే నక్కో. ఈ ఇల్లు కూలగొట్టి అంతస్తులు లేపుదామని బిల్డరు బిర్యానీ పొట్లంతో వస్తే నక్కో. ఆ బిర్యానీ కూడా నక్కో. మొన్న రంజాన్‌లో గుండె పట్టేసినప్పుడు, ఇంకో రాత్రి ఇక్కడే ఉండమని డాక్టరు చెప్తే, నక్కో అని చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి ఆటోలో కూర్చున్నాడు.

డాక్టరు మాత్రం చెప్పాల్సింది చెప్పే పంపాడు. మెట్లెక్కొద్దు. కుట్టుమెషిన్ తొక్కొద్దు. కొడుకు జుల్ఫికర్ ఆ మాట పట్టుకున్నాడు. మిద్దె మీద రేకుల గదిలో ఉన్న తండ్రి కాలిమెషిన్‌ను తీసెయ్యలేదు గాని, చక్రానికుండే తోలు పట్టా ఊడదీసి ఎక్కడో దాచేశాడు. పట్టా లేని మెషిన్ పీటతో సమానం.

దక్షిణాన, పొద్దు పొడుపు పొగమంచులో ఒక విమానం మెరిసింది. తూర్పు నుంచి పడమటికి దిగుతోంది. వానాకాలమంతా అంతే. గాలి పడమర నుంచి కొడుతుంది కాబట్టి విమానాలు పడమటికి ముఖం పెట్టి దిగుతాయి. ఇప్పుడు వానలు పోయాయి. గాలి ఇవాళో రేపో తిరుగుతుంది. దానితోపాటు విమానాలూ తిరుగుతాయి.

ఈ సంగతి ఆయనకు బాలరాజు చెప్పాడు. బాలరాజు విమానాలు దిగే మైదానాల్లో గడ్డి కోయించే, దీపాలు తుడిపించే, స్తంభాలకు రంగులు వేయించే కాంట్రాక్టు మనిషి. చాలా ఏళ్ల కిందట ఒకనాడు చిరిగిన గుడ్డ గొట్టం చంకన పెట్టుకుని అఫ్జల్‌గంజ్ టార్పాలిన్ దుకాణాలన్నీ తిరిగాడు. వాళ్లు మొద్దు గుడ్డతో కుట్టి ఇచ్చినవి తుఫాను వస్తే తప్ప లేవలేదట. ఎవరో దర్జీని చూడమంటే గులాం నబీ దుకాణం మెట్లెక్కాడు. గులాం నబీ ఆ గొట్టంలో భుజం దాకా చెయ్యి దూర్చి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏ జిన్నుది భాయ్ ఈ పైజామా? ఒక్క కాలే ఉన్నది."

బాలరాజు నవ్వి నవ్వి బల్ల మీద కూలబడ్డాడు. అప్పటినుంచి దానికి గల్లీలో అదే పేరు. మైదానంలో దాన్ని విండ్‌సాక్ అంటారట. ఒంటికాలి పైజామా అంటేనే ఇక్కడ తెలుస్తుంది.

చాయ్ తాగుతూ బాలరాజు ఆనాడే చెప్పాడు. విమానం గాలికి ఎదురుపోయి లేస్తది చాచా, ఎదురుపోయే దిగుతది, ఎన్క నుంచి గాలి నూకితే ఆగమన్న కాడ ఆగదు అని. పెద్ద ఎయిర్‌పోర్టులో గాలిని కొలిచే యంత్రాలున్నాయి. టవర్‌లో కూర్చున్నవాళ్లు అవి చూసి, బాటకు ఏ కొస నుంచి విమానాలను దింపాలో, ఎటు లేపాలో చెప్తారు. గాలి కొంచెం అటూ ఇటూ అయితే పట్టించుకోరు. వరసలో ఉన్న విమానాలన్నిటినీ తిప్పడమంటే, సన్న గల్లీలోకి వచ్చిన బరాత్‌ను గుర్రంతో సహా వెనక్కి మళ్లించినంత లొల్లి. కాని గాలి గట్టిగా మొండికేస్తే వాళ్లూ మాట వినాల్సిందే. మొత్తం తిప్పుతారు.

గులాం నబీకి ఆ ముచ్చట నచ్చింది. విమానం ఎక్కినవాడు కాదు, ఎక్కాలని మోజూ లేదు. కాని అంత బరువు మనిషి గాలితో కొట్లాడే దిక్కే ఎంచుకుంటుందంటే దాని మీద గౌరవం కలిగింది. విమానాన్ని ఆయన మనిషి అనే అనేవాడు.

ఇప్పుడు బొంగు మీద ఉన్న గొట్టం పెద్ద ఎయిర్‌పోర్టుది కాదు. జిల్లాలో ఎక్కడో చిన్న మైదానం ఉంది. అక్కడ పిల్లలు విమానం నడపడం నేర్చుకుంటారు. టవర్ లేదు. గాలి యంత్రం ఉంది గాని అది బాగున్న రోజు తక్కువ. ఒంటరిగా పైకి పోయిన పిల్ల, తిరిగొచ్చి మైదానం మీద ఒక చుట్టు తిరిగి, కిందికి ఈ గుడ్డ వంక చూసి, ఏ కొస నుంచి దిగాలో తనే తేల్చుకోవాలి. అక్కడున్న పాతది పీలికలైపోయింది. రేపు తనిఖీ. సాయంత్రానికి కొత్తది కావాలని బాలరాజు తొందర పెడుతున్నాడు.

తండ్రి మెషిన్ ఎక్కకూడదని జుల్ఫికరే కూర్చుని కుట్టాడు దీన్ని. పెండ్లిళ్ల రోజులు, చేతి నిండా షేర్వానీలు, చుడీదార్లు. వాటి నడుమ సందు చేసుకుని కుట్టాడు. కుట్టు చూస్తే ముత్యాల వరస. నా కొడుకు చెయ్యి అని గులాం నబీ రాత్రి దాన్ని ఒళ్లో పెట్టుకుని నిమిరాడు కూడా.

పొద్దెక్కింది. గాలి కదిలింది. గొట్టం మూతి తెరుచుకుంది, పొట్ట నిండింది, తోక లేచింది. బాగుంది అనుకున్నాడు. అప్పుడొక గట్టి విసురు వచ్చింది. తోక పక్కకు తిరిగింది. ఇంకొంచెం తిరిగింది. గొట్టం మొత్తం పిండిన తువ్వాలలా మెలిపడి బొంగుకు చుట్టుకుని అక్కడే ఉండిపోయింది. గాలి ఒక దిక్కు పోతుంటే అది ఇంకో దిక్కు చూపిస్తోంది.

గులాం నబీకి దింపకముందే అర్థమైపోయింది. దాన్ని దింపి, గుడ్డ నేత మీద బొటనవేలు పెట్టి లాగి చూశాడు. ఉరేబ్.

బట్టను నేతకు తిన్నగా కాకుండా ఓరగా, మూల నుంచి మూలకు కత్తిరిస్తే దాన్ని ఉరేబ్ అంటారు. చుడీదార్‌ను అట్లాగే కత్తిరించాలి. అప్పుడే సాగుతుంది, పిక్కను పట్టుకుంటుంది. పొద్దంతా చుడీదార్లు కత్తిరించే చెయ్యి, ఈ సన్నటి గొట్టాన్ని చూసి అలవాటు కొద్దీ అటే పోయింది. చుడీదార్‌లో కాలుంటుంది. దీనిలో ఉండేది గాలి. గాలిని పట్టుకోబోతే మెలిపడుతుంది.

ఆయన దుకాణంలోకి దిగేసరికి జుల్ఫికర్ ఎవరి బరాత్‌దో షేర్వానీకి గుండీలు చూస్తున్నాడు. ఇంట్లో వాళ్ల మాటలన్నీ ఉర్దూలోనే. గులాం నబీ మెట్ల గురించి చీవాట్లు పడకముందే గుడ్డ బల్ల మీద పెట్టి, మెలిక సంగతి చెప్పాడు. జుల్ఫికర్ ముఖం నల్లబడింది. గట్టి గాలి వస్తే ఏ బట్టయినా మెలిపడుతుందన్నాడు. ఎప్పుడో ఒక విసురుకు కదా అన్నాడు. ఆ మైదానంలో కుట్టు విప్పి నేత చూసేవాడెవడూ లేడన్నాడు.

అంతలో బాలరాజు ఫోను. మెలిక సంగతి చెప్తే, స్పీకర్‌లో అతని గొంతు.

"చాచా, గిది మంచిదా చెడ్డదా నాకు ఫికర్ లేదు. ఏదో ఒకటి స్తంభానికి ఉండాలె రేపు. తనిఖీ అయినంక నిదానంగ ఇంకోటి కుట్టుకుందాం. గాలికేం తెలుస్తది?"

"గాలికే తెలుస్తది బాలరాజూ," అన్నాడు గులాం నబీ. "నీకూ నాకూ తెలువకపోవచ్చు."

ఫోను పెట్టేశాక జుల్ఫికర్ గొట్టాన్ని మడవడం మొదలుపెట్టాడు. సాయంత్రం తనే ఇచ్చేస్తానన్నాడు. గులాం నబీ బల్ల మీది పెద్ద కత్తెర తీసుకుని, కొడుకు చేతుల మధ్యనే, గొట్టాన్ని నడిమికి కోసేశాడు. నైలాన్ కరకరమని తెగింది. జుల్ఫికర్ చేతిలో ఒక సగం, బల్ల మీద ఒక సగం.

జుల్ఫికర్ తన చేతిలోని సగాన్ని పైకెత్తి తండ్రికి చూపించాడు.

"నేను కుట్టింది ఇన్సాన్లకు పనికొస్తది, గాలికి పనికి రాదా అబ్బా?"

"మనిషి సర్దుకుంటడు. అది సర్దుకోదు."

జుల్ఫికర్ ఆ సగాన్ని కింద పడేశాడు. అయితే ఇవాళ ఇచ్చేది లేదన్నాడు. తనకు సమయం లేదు, అఫ్జల్‌గంజ్ పోయి షేర్వానీల లోపలికి అస్తరు గుడ్డ తేవాలి, సాయంత్రం అసర్ నమాజు వేళకు పెండ్లివాళ్లు వస్తారు. తండ్రిని తొక్కనిచ్చేదీ లేదు. పట్టా తన దగ్గరే ఉంది. ఆ మాట చెప్పి, దుకాణానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పోయాడు. బండి గల్లీ మలుపు తిరిగేదాకా గులాం నబీ గడపలో నిలబడ్డాడు. తాళం పడకముందే ఏరుకున్న కోసిన ముక్కలు చంకనే ఉన్నాయి. వెనక గదిలో ఉన్న నైలాన్ తాను భుజాన వేసుకున్నాడు. మెట్ల వైపు నడిచాడు.

భార్య రాబియా మెట్ల మీద అడ్డంగా కూర్చుని మెంతికూర ఏరుతోంది. లేవలేదు.

"ఎక్కడికి జీ?"

"పైకి."

"పట్టా లేదు కదా. పైకి పోయి దానితోటి ముచ్చట పెడతవా?"

ఆయన కదలకుండా నిలబడ్డాడు. పెండ్లయిన నాటి నుంచి ఆమెకు ఆ నిలబడడం తెలుసు. జరిగి దారిచ్చింది. ఇచ్చి, రేపు ఏమన్నా అయితే తప్పెవరిదని చెప్పాలో అది కూడా చెప్పి పొమ్మంది.

"గాలిది," అన్నాడు గులాం నబీ.

ప్రతి మలుపు దగ్గరా ఆగుతూ ఎక్కాడు. రేకుల గదిలో మెషిన్ ముందు కూర్చుని చెమట ఆరేదాకా కదల్లేదు. ఎడమ రెక్క కింద ఏదో సూది దారం లాగినట్టు లాగుతోంది. లాగనీ అనుకున్నాడు. కొడుకు కుట్టిన ముక్కల్లోంచి సన్నటి పీలికలు కోశాడు. వాటిని జడలా అల్లాడు. అల్లిన జడను కింది పెద్ద చక్రం మీదుగా పై చక్రానికి వేసి, కొసలు రెండూ కలిపి ముడి వేశాడు. తిన్నగా కోసిన గుడ్డయితే ఇనుము మీద జారిపోయేది. ఇది ఉరేబ్ కాబట్టి సాగింది, సాగి చక్రాన్ని కరుచుకుంది. పనికిరాదన్న గుణమే ఇక్కడ పనికొచ్చింది. చేత్తో చక్రం తిప్పి చూశాడు. తిరిగింది. ముడి పైకొచ్చిన ప్రతిసారీ టిక్కుమంది.

రాబియా మెంతికూర గంపతో సహా పైకొచ్చింది. మెషిన్ అవతల చాప వేసుకుని కూర్చుని, ఆయన సుద్దతో గీసిన పట్టీలను అందుకుంది. నారింజ ఒకటి, తెలుపు ఒకటి. ఈసారి నేత వెంట, తిన్నగా. ఆయన తొక్కాడు. టిక్. టిక్. టిక్. కొంచెం కుట్టడం, ఆగడం, గుండె మీద చెయ్యి పెట్టుకుని దాని మాట వినడం, వినీ విననట్టు మళ్లీ తొక్కడం.

ఇట్లా ఎందుకని రాబియాకు అడగాలనిపించింది. అడిగింది కూడా. చూసినవాడు లేడు, మెచ్చేవాడు లేడు, పేరు రాసేది లేదు. ఈ గుడ్డ ఎవరు కుట్టారని పైనున్న పిల్ల అడుగుతుందా?

గులాం నబీ దారం కొరికి ఆలోచించాడు. పెండ్లికొడుకుకు షేర్వానీ బిగువైతే ఇంటికొచ్చి తిడతడు, అన్నాడు. ఆ పిల్లకు గుడ్డ తప్పు చూపిస్తే మళ్లీ వచ్చి తిట్టడానికి ఉండదు రాబియా. అందుకే.

అంతకంటే పొడుగ్గా ఆయన ఆ రోజు ఏమీ మాట్లాడలేదు.

జుల్ఫికర్ తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం జొహర్ నమాజు వేళ దాటింది. బండి ఆపకముందే పైనుంచి చప్పుడు వినిపించింది. చిన్నప్పటినుంచి విన్న చప్పుడే, నడుమ కొత్తగా టిక్కుమనే ఒక కుంటి అడుగు. అస్తరు మూట కింద పెట్టకుండానే మెట్లు ఎక్కాడు. అరవడానికి నోరు తెరుచుకునే పైకి వచ్చాడు. వచ్చి చక్రం చూశాడు. నారింజ, తెలుపు జడ. తన గుడ్డ. తను కోసిన ఉరేబ్.

నోరు అట్లాగే మూసుకుంది. మూట గోడ వారగా పెట్టి, మెషిన్ వెనక్కి వెళ్లాడు. కుట్టు దాటి వస్తున్న నైలాన్‌ను రెండు చేతుల్లోకి తీసుకుని, ముడత పడకుండా తన వైపు నెమ్మదిగా లాగడం మొదలుపెట్టాడు. దుకాణం బల్ల ఎత్తు అందని రోజుల్లో కూడా అతను చేసిన పని అదే. నేను తొక్కుతాను, లే అబ్బా అని మాత్రం ఒకసారి అడిగాడు.

"నక్కో," అన్నాడు గులాం నబీ. కొంచెం ఆగి, "లాగు. బాగానే లాగుతున్నవ్," అన్నాడు.

కింద పెండ్లివాళ్లు వచ్చి తలుపు కొట్టేదాకా జుల్ఫికర్ లాగుతూనే ఉన్నాడు. అప్పటికి తోక అంచు ఒక్కటే మిగిలింది.

ఆ అంచు కూడా అయిపోయాక రాబియాయే గొట్టాన్ని బొంగుకు ఎక్కించింది. ఆయన గుమ్మంలో కూర్చుని చూశాడు. గాలి తిరిగిపోయింది. పొద్దున పడమర నుంచి వచ్చింది ఇప్పుడు తూర్పు నుంచి వస్తోంది, పొడిగా, గట్టిగా. గొట్టం మూతి తూర్పుకు తెరిచి ఒక్క దెబ్బకు నిండింది. విసురు వచ్చింది. నిలిచింది. ఇంకో విసురు. తోక కొంచెం వణికింది, అంతే. చాచిన చెయ్యిలా పడమర వైపు తిన్నగా నిలబడింది.

దక్షిణాన ఒక విమానం పడమర నుంచి వచ్చి తూర్పుకు దిగింది. మొత్తం తిప్పేశారన్నమాట. గులాం నబీ దాని వంక చూసి తల ఊపాడు, తెలిసినవాడు గల్లీలో పోతుంటే ఊపినట్టు.

అసర్ అజాన్ వినిపించింది. రాబియా గొట్టాన్ని దింపి, మడిచి, మెషిన్ బల్ల మీద పెట్టి, చాయ్ తెస్తానని కిందికి దిగింది. ఆమె కప్పు, సాసరుతో తిరిగొచ్చేసరికి ఆయన మెషిన్ ముందు కూర్చుని, సూది దగ్గరకు ముఖం వంచి ఉన్నాడు. దారం ఎక్కించేటప్పుడు ఎప్పుడూ అట్లాగే వంగేవాడు. ఆమె కప్పు పక్కన పెట్టి, ఎక్కించడం అయ్యేదాకా ఆగింది. చాయ్ మీద మీగడ కట్టింది. అప్పుడు భుజం మీద చెయ్యి వేసింది.

బాలరాజు స్కూటర్ మీద వచ్చేసరికి గడప ముందు చెప్పులు నిండి ఉన్నాయి. గల్లీ వాళ్లు కుర్చీలు తెచ్చి వేస్తున్నారు. అతను హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, గుమ్మం బయటే తల వంచుకుని నిలబడ్డాడు. జుల్ఫికర్ చెయ్యి పట్టుకున్నాడు. జుల్ఫికర్ గొట్టం సంగతి ఎత్తితే, ఇప్పుడు గదెందుకన్నా, తనిఖీ వాళ్లతో నేను మాట్లాడుకుంటా, నలభై దినాలు అయినంకనే చూద్దాం అన్నాడు.

లోపలి గది పరదా కదిలింది. ఆడవాళ్ల మధ్య నుంచి రాబియా లేచి వచ్చింది. చేతుల్లో మడిచిన గొట్టం.

"నక్కో," అంది. తర్వాత బాలరాజుకు అర్థమయ్యేట్టు తెలుగులో అంది. "ఆయన నిలబెట్టి చూసిండు. మంచిగ నిలబడ్డది. ఇయ్యాలనే తీస్కపో. రేపు పిల్లలు దిగుతరు కద."

బాలరాజు రెండు చేతులతో అందుకున్నాడు. ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత గులాం నబీని మట్టికి అప్పగించారు. మర్నాడు పొద్దున, చిన్న మైదానంలో స్తంభం మీద కొత్త గుడ్డ గాలి పోసుకుంది. పైనుంచి వచ్చిన పిల్ల ఎవరో ఒక చుట్టు తిరిగి చూసి, తేల్చుకుని, గాలికి ఎదురుగా దిగిందని బాలరాజు ఫోన్ చేసి చెప్పాడు. చెప్పి, పేరు అడగలేదు చాచీ, మరిచిపోయిన అన్నాడు. రాబియా ఫరవాలేదంది.

పెండ్లిళ్ల రోజులు అయిపోయాక జుల్ఫికర్ ఒకనాడు దాచిన తోలు పట్టా తీసుకుని మిద్దె మీదికి పోయాడు. కొంచెంసేపటికి, పట్టా అట్లాగే చేత్తో పట్టుకుని కిందికి దిగి వచ్చేశాడు. రేకుల గదిలో మెషిన్ చక్రం మీద నారింజ, తెలుపు జడ ముడి పైకి తేలి, ఎక్కడ ఆగిందో అక్కడే, ఇనుమును కరుచుకుని ఉంది.